ఎక్కడి నుంచి ఎన్ని అడుగులు?

సంపాదకులకు,

నమస్కారం. వానాకాలం మొదలైన దగ్గర నుంచి మీ పత్రికలో రోజూ వేస్తున్న జలాశయాల నీటిమట్టాల పట్టికను నేను మిగతా వార్తలకంటే ముందు చూస్తాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడికి అది పోని అలవాటు. ఆ పట్టికలోనూ, దాని చుట్టూ వచ్చే వార్తల్లోనూ ఒక చిన్న మాట విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఇంగ్లీషువారి 'ఫుట్' మన పత్రికల్లోకి 'అడుగు'గా వచ్చి ఒకే పేజీలో నాలుగైదు వేర్వేరు అర్థాల్లో కనిపిస్తోంది. ఏ చోట ఏ అర్థమో వార్త చెప్పడం లేదు. ఈ లోపం మీ ఒక్క పత్రికది కాదు. అయినా నేను చదివేది మీ పత్రికే కాబట్టి మీకే రాస్తున్నాను.

ఎలాంటి వార్తల గురించి అంటున్నానో చెబుతాను. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు అంటారు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటారు. పక్క కాలమ్‌లో, ఒక రైతు 800 అడుగుల బోరు వేసినా చుక్క నీరు పడలేదంటారు. దిగువన ప్రకటనలో 1,200 అడుగుల ఫ్లాటు అమ్మకానికి ఉంటుంది. ఈ నాలుగు అడుగులూ నాలుగు రకాలు. మొదటిది సముద్రమట్టం నుంచి లెక్కించిన ఎత్తు, రెండవది నది ఒడ్డున నిలిపిన కొలబద్ద మీద కనబడే అంకె, మూడవది నేల మీది నుంచి కిందికి కొలిచిన లోతు, నాలుగవది అసలు పొడవే కాదు, వైశాల్యం. ఇంత తేడా ఉన్నప్పుడు అంకె పక్కన 'అడుగులు' అని మాత్రమే రాసి ఊరుకుంటే పాఠకుడికి తెలిసేది సగమే.

సాగర్‌లో 590 అడుగుల లోతు నీళ్ళున్నాయని నమ్మేవారు నాకు చాలామంది తారసపడ్డారు. వారిలో చదువుకున్నవారు, రాజకీయ సభల్లో మాట్లాడేవారు కూడా ఉన్నారు. ఆనకట్ట ఎత్తే దాదాపు 124 మీటర్లు, అంటే 410 అడుగుల లోపు. దాని వెనుక 590 అడుగుల లోతు ఎలా ఉంటుంది? శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, అంటే 476 అడుగులకు కాస్త అటూ ఇటూ. అక్కడా ఇదే పొరపాటు. సముద్రమట్టం అనే మాటను వార్తలోంచి తీసేయడంతో ఎత్తు కాస్తా లోతుగా మారిపోతోంది.

వరద రోజుల్లో ఈ అయోమయం మరింత హాని చేస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల వద్ద వరుసగా మూడు హెచ్చరికలు ఇస్తారు. ధవళేశ్వరంలో అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద ఇస్తారు. ఒకే రోజు పత్రికలో భద్రాచలం 53, ధవళేశ్వరం 15 అని పక్కపక్కన చదివిన కోనసీమ పాఠకుడు, ఎగువన పొంగిన నది దిగువకు వచ్చేసరికి మూడోవంతుకు తగ్గిందని అనుకుంటే తప్పు అతనిది కాదు. ఆ రెండు కొలబద్దల సున్నాలు ఒక ఎత్తులో లేవు. అందువల్ల ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేయడం కుదరదు, పోల్చడమూ కుదరదు. పోల్చదగినది ప్రవాహం ఒక్కటే. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు నమోదైనప్పుడు ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) దాటిపోయాయని చెబితేనే ఆ వరద ఎంతటిదో తెలుస్తుంది. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులు చూసింది. ఈ రెండు సంఖ్యలను పోల్చవచ్చు, ఎందుకంటే రెండూ ఒకే చోటివి.

విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గరైతే ఒకే నీటికి రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. బ్యారేజీలో 12 అడుగుల నీరు నిల్వ ఉందని ఒక వార్త రాస్తుంది. నీటిమట్టం 57.05 అడుగులకు చేరిందని మరొక వార్త రాస్తుంది. రెండూ నిజమే, రెండూ నిండు బ్యారేజీనే చెబుతాయి. ఒకటి బ్యారేజీ దగ్గరి లెక్క, మరొకటి సముద్రమట్టం నుంచి లెక్క. ఈ సంగతి తెలియని పాఠకుడు మాత్రం ఒక్క రోజులో 45 అడుగుల నీళ్ళు వచ్చి చేరాయని భయపడతాడు.

ఇంత గందరగోళానికి మూలం 'ఫుట్' అనే మాట స్వభావంలోనే ఉంది. ఇంగ్లీషువారు ఈ ఒక్క మాటతో చాలా పనులు చేయించుకున్నారు. చీలమండ కింది శరీరభాగం ఫుట్. పన్నెండు అంగుళాలు ఫుట్. కొండ దిగువ భాగం, మెట్ల అడుగు భాగం, మంచంలో కాళ్ళు చాపుకునే వైపు, పుటలో కింది అంచు, అన్నీ ఫుట్లే. పద్యంలో లయకు మూలమైన చిన్న ఖండిక ఫుట్. కాలినడకన పోరాడే సైన్యం కూడా ఫుట్. 1754లో మద్రాసు తీరంలో దిగిన మొదటి ఆంగ్ల రాజసైనిక దళం పేరు 39వ రెజిమెంట్ ఆఫ్ ఫుట్. ఖర్చు భరించడాన్ని కూడా బిల్లును ఫుట్ చేయడం అంటారు. ఖాతా పుస్తకంలో అంకెలు కూడి మొత్తాన్ని కాలమ్ అడుగున వేసే పద్ధతి నుంచి ఆ వాడుక వచ్చింది. ఈ అర్థాల మధ్య ఇంగ్లీషు పాఠకుడు తడబడడు. పక్కనున్న మాటలు అతనికి దారి చూపిస్తాయి. మనం ఆ పక్కమాటలను వదిలేసి, ఫుట్‌ను, దాని ముందున్న అంకెను మాత్రమే తెచ్చుకున్నాం.

మన 'అడుగు' కూడా ఏమంత అమాయకమైనది కాదు. ఇది ఫుట్‌కు అనువాదంగా పుట్టిన మాట కాదు. ద్రావిడ భాషలకు స్వంతమైన మాట. తమిళంలో 'అడి' అంటే పాదం, కొలత, పద్యంలో పంక్తి, వస్తువు అడుగుభాగం, ఇన్నీ అవుతాయి. తెలుగులో పంక్తి అర్థాన్ని సంస్కృత 'పాదం' తీసుకోగా, మిగిలిన కొలత, కింది భాగం, నడకలో వేసే అంగ 'అడుగు' దగ్గరే ఉండిపోయాయి. కాబట్టి 'జలాశయం అడుగు' అన్నప్పుడు ఒక అర్థం, 'జలాశయంలో అడుగు నీరు' అన్నప్పుడు ఇంకొక అర్థం వస్తాయి. 'జలాశయం అడుగున పది అడుగుల పూడిక' అని నేనే ఒకప్పుడు నివేదికల్లో రాసేవాణ్ణి. చదివిన పై అధికారికి అర్థమయ్యేది, ఎందుకంటే ఆయనకు ఆ జలాశయం తెలుసు.

శరీరంతో కొలవడం మనకూ కొత్త కాదు. బెత్తెడు, జానెడు, మూర, బార అనే కొలతలన్నీ ఒంటి మీదివే. పూలు అమ్మే అవ్వ ఈనాటికీ మూరతోనే కొలుస్తుంది, ఆమె చెయ్యి పొట్టిదైతే బేరం ఆడేవారూ ఉంటారు. శరీరపు కొలతల్లో ఇబ్బంది అదే, ఎవరి శరీరం అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఇంగ్లీషు ఫుట్‌కూ ఆ ఇబ్బంది 20వ శతాబ్దం దాకా తప్పలేదు. బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా దేశాలు 1959లో ఒప్పందానికి వచ్చి ఫుట్‌ను సరిగ్గా 0.3048 మీటరుగా స్థిరపరచుకున్నాయి. ఆ తరువాత కూడా అమెరికా భూమి సర్వేల్లో పాత ఫుట్‌ను వాడుతూ వచ్చి, 2022 చివరి వరకూ దాన్ని విడిచిపెట్టలేదు. ఆ రెండింటి మధ్య తేడా పది లక్షల అడుగులకు రెండు అడుగులే గానీ, ఒక రాష్ట్రం పొడవునా లెక్క కట్టే సర్వేయరుకు అది చిన్న తేడా కాదు.

మన దేశంలోనూ ఒక ప్రత్యేకమైన ఫుట్ ఉండేది. బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ 1802లో మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ వద్ద 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఆధారరేఖను, అంటే మిగతా లెక్కలకు మూలమైన తొలి రేఖను, కొలిచి ఉపఖండపు సర్వేను ఆరంభించాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక గొలుసు వేడిని చూసి లెక్కను సవరించుకోవలసి వచ్చేది. ఆ సర్వే పరంపరలో వాడిన ఫుట్ ఇప్పటి అంతర్జాతీయ ఫుట్‌తో సరిగ్గా సమానం కాదు. అందుకే పటాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో నేటికీ 'ఇండియన్ ఫుట్' అనే పేరు విడిగా కనిపిస్తుంది. పత్రికా పాఠకుడికి ఇంత సూక్ష్మం అవసరం లేదని ఒప్పుకుంటాను. అయితే వృత్తిలో ఉన్నవారే 'ఏ ఫుట్' అని అడిగి తెలుసుకుంటుంటే, పత్రిక కనీసం 'ఎక్కడి నుంచి' అన్నదైనా చెప్పాలి కదా.

కొన్ని అర్థాల విషయంలో తెలుగు తెలివిగానే ప్రవర్తించింది. పశువులకు వచ్చే ఫుట్ అండ్ మౌత్ వ్యాధిని మన రైతులు గాలికుంటు అంటారు. పత్రికలూ అలాగే రాస్తున్నాయి. చిన్నపిల్లలకు చేతులు, కాళ్ళు, నోటి మీద పొక్కులు వచ్చే వ్యాధి వేరు, దాని వైరస్ వేరు. ఇంగ్లీషు పేర్లు ఇంచుమించు ఒకేలా ఉండటంతో ఆ భాషలో చదివేవారు పశువుల రోగం పిల్లలకు సోకిందని కంగారుపడతారు. గాలికుంటు అనే పేరున్న భాషలో ఆ కంగారుకు తావు లేదు. సైన్యం అర్థానికి కాల్బలం, పదాతి ఉన్నాయి. పద్యం విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు ఫుట్‌ను మన పాదం అనుకుంటే లెక్క తప్పుతుంది. మన పాదం పూర్తి పంక్తి, వారి ఫుట్ మన గణం వంటిది. అయాంబిక్ పెంటామీటర్ అంటే లఘువు తరువాత గురువు వచ్చే వ గణం లాంటివి ఐదు ఒక పంక్తిలో అని చెబితే ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థికి చాలావరకు పట్టుబడుతుంది, వారి లెక్క మాత్రల మీద కాక ఊనిక మీద నడుస్తుందన్న ఒక్క తేడా కలిపితే చాలు. 'ఐదు పాదాల ఛందస్సు' అని రాసిన పాఠం నేను చూశాను. అది చదివిన పిల్లవాడు ఆ పద్యానికి ఐదు పంక్తులే ఉంటాయనుకుంటాడు.

'కొండ పాదాల వద్ద' అని ఈ మధ్య తరచుగా రాస్తున్నారు. కొండ దిగువన, కొండ కింద అంటే సరిపోయేచోట ఈ పాదాలెందుకో తెలియదు. అలిపిరిలో పాదాల మండపం ఉంది నిజమే గానీ, ఆ పాదాలు శ్రీవారివి, కొండవి కావు.

వైద్య వార్తల్లో ఇంకో చిక్కు ఉంది. తొడ మొదలు నుంచి వేళ్ళ కొస వరకు మనం 'కాలు' అనే అంటాం. ఇంగ్లీషులో చీలమండ కిందిది ఫుట్, పైది లెగ్. మధుమేహ రోగికి 'కాలు తీసేశారు' అని వార్త రాస్తే, వేళ్ళతో సహా పాదం మాత్రమే తీశారా, మోకాలి కింది నుంచి తీశారా, తొడ దగ్గర తీశారా అన్నది తెలియదు. ఆ మూడింటి తరువాత రోగి బతుకు మూడు రకాలుగా ఉంటుంది. ఇందుకు ఎదురుగా నడిచిన పేరు జైపూర్ ఫుట్. 1968 ప్రాంతంలో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రూపొందించిన రబ్బరు పాదం అది. బురదలో నడవడానికి, నేల మీద గొంతుక్కూర్చోవడానికి వీలైనది. మన జనం దాన్ని 'జైపూర్ కాలు' చేసుకున్నారు. మోకాలి కింద కాలు కోల్పోయినవారికి అమర్చేది పాదం ఒక్కటే కాదు, దాని పైన పిక్క భాగమూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఇంగ్లీషు పేరుకంటే తెలుగు పేరే వస్తువుకు దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

ఇక చదరపు, ఘనపు అడుగుల సంగతి. ఫ్లాట్ల ప్రకటనల్లో చదరపు అడుగులకు పొట్టిగా ఎస్‌ఎఫ్‌టీ అని వేసి సరిపెడతారు. గోడలు, మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిపిన వైశాల్యమా, ఇంటిలోపల వాడుకోగలిగినదా అన్నది చెప్పరు. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను, అంటే లోపల వాడుకోగలిగిన వైశాల్యాన్ని, నిర్వచించింది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ లేదా వరండా, పై డాబా అందులోకి రావు, లోపలి విభజన గోడలు వస్తాయి. అమ్మకం ఆ లెక్కపైన జరగాలి. అలాంటప్పుడు ప్రకటనలో చదరపు అడుగు దేనికి సంబంధించినదో అడిగి తీసుకునే హక్కు పత్రికకూ ఉంది. పొలం కొలతల్లో మాత్రం అడుగు కనబడకుండా దాగి ఉంటుంది. తెలంగాణలో గుంట అంటే 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు, మొత్తం 1,089 చదరపు అడుగులు. అలాంటివి నలభై అయితే ఎకరం. ఆంధ్రలో అదే ఎకరాన్ని వంద సెంట్లుగా చేసుకున్నాం.

ఘనపుటడుగు మన రాజకీయాల్లోకి టీఎంసీ పేరుతో వచ్చింది. వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే వంద కోట్లు. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలు, 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకున్న లెక్క, ఇవి బడిపిల్లలకు కూడా నోటికి వచ్చు. సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవహిస్తే క్యూసెక్కు, మన లెక్కలో 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా ప్రవహిస్తే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే కాలువల వార్తల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. అయినా 'లక్ష క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది' అని రాసినవారు ఉన్నారు. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, నిల్వకు కాదు.

ఎత్తు అడుగుకూ ఘనపుటడుగుకూ సంబంధం అన్ని మట్టాల్లో ఒకలా ఉండదు. సాగర్ నిండుగా ఉన్నప్పుడు పైన ఒక్క అడుగు పెరిగితే దాదాపు 3 టీఎంసీలు చేరతాయి, దిగువ మట్టాల్లో అదే అడుగులో అంత నీరు పట్టదు. జలాశయం పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది కాబట్టి ఇలా అవుతుంది. 'మరో ఐదు అడుగులు పెరిగితే నిండుతుంది' అన్న వాక్యం ఎంత నీరు కావాలో చెప్పదు. శ్రీశైలం కనీస నీటిమట్టం 834 అడుగులా, 854 అడుగులా అన్నది 1996, 2004 నాటి ఉత్తర్వుల నుంచి ఇప్పటిదాకా నలుగుతున్న విషయం. ఆ ఇరవై అడుగుల్లో ఎంత నీరుందో చెప్పకుండా ఆ తగాదాను వివరించలేం. ఏ పక్షం వాదన సరైనదన్నది ఈ ఉత్తరంలో నా విషయం కాదు, పాఠకుడికి రెండు అంకెలూ కలిపి చూపించాలన్నదే నేను కోరేది.

అసలు అడుగులే వద్దు, మీటర్లలోకి మారండి అనేవారు ఉన్నారు. మన దేశం 1956లోనే మెట్రిక్ కొలతల చట్టం చేసుకున్నది. కేంద్ర జలసంఘం నివేదికల్లో మట్టాలు మీటర్లలోనూ, నిల్వలు బిలియన్ ఘనపు మీటర్లలోనూ ఉంటాయి. న్యాయంగా వారి మాటే సరైనది. కానీ భద్రాచలం జనం 53 అనగానే సామాన్లు సర్దుకుంటారు, దాన్ని మీటర్లలో చెబితే ఆ కదలిక రాదు. ప్రాణాలకు సంబంధించిన చోట అలవాటైన అంకెను కదపకూడదని నా అనుభవం చెబుతోంది. మీటర్లను పక్కన వేయండి, అడుగులను తీసేయకండి.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. జలాశయాల పట్టిక కింద 'మట్టాలు సముద్రమట్టం నుంచి అడుగుల్లో' అని ఒక వరుస వేయండి. భద్రాచలం, ధవళేశ్వరం అంకెలను ఆ పట్టికలో కలపకుండా వేరే గడిలో 'స్థానిక కొలబద్దపై' అని వేయండి, వాటి పక్కన క్యూసెక్కులు ఇవ్వండి. ప్రకాశం బ్యారేజీకి రెండు లెక్కల్లో ఏదో ఒకదానిని ఎంచుకుని రోజూ దానికే కట్టుబడండి. చోటు చాలదని డెస్కులో ఎవరైనా అంటే, 'గత ఏడాది ఇదే రోజు' అన్న గడిని కొంచెం ఇరుకు చేయవచ్చు, దానిలో ఇప్పుడు ఖాళీయే ఎక్కువ.

భవదీయుడు,
విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
విజయవాడ